బండ కింద పిడికెడు ఇసుక

ఎదురింటి అక్క మొన్న మంగళవారం పొద్దున సిరిసిల్లలో, కూతురి ఇంట్లో చనిపోయింది. నాకు జగిత్యాలలో తెలిసింది. ఫోన్ చేసింది ఆమె కూతురే. "మామా, అవ్వ పోయింది" అన్నది. ఎప్పుడని అడిగాను. ఆరు దాటినంక అన్నది. ఎట్లా అని అడిగాను. చాయ్ తాగి గోడకు ఒరిగిందట, లేపితే లేవలేదట. వయసెంత అని కూడా అడిగాను. నీకు తెల్వదా మామా అన్నది ఆ అమ్మాయి. ఫోన్ పెట్టేశాక చూస్తే కరెంటు బిల్లు వెనక సమయం, చోటు, కారణం రాసి ఉన్నాయి. రాసింది నేనే. వయసు దగ్గర ఖాళీ వదిలాను. అది ఇప్పటికీ ఖాళీగానే ఉంది. ఆమెకే సరిగ్గా తెలియదు.

బస్సులో సిరిసిల్ల వెళ్లాను. కూతురి ఇల్లున్న గల్లీలో సాంచాలు ఆపేసి ఉన్నాయి. మరమగ్గాలను అక్కడ సాంచాలు అంటారు. శవం లేచేదాకా పక్కిళ్ల వాళ్లు వాటిని నడపరు. ఆ గల్లీలో మామూలుగా మనిషి మాట మనిషికి వినపడదు. ఆ రోజు ఎవరు దగ్గినా వినపడింది. కోరుట్ల నుంచి ఎవరన్నా వచ్చిండ్రా అని ఒక ముసలాయన అడిగితే, ఆమె కూతురు నా వైపు చూపించింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఇంటికొచ్చి మూడు రోజులైనా రాలేదు. అందుకని నాకు తెలిసినవి తెలిసినట్టు రాస్తున్నాను.

ఎనభైలు ముగిసి తొంభైలు మొదలైన రోజుల్లో నేను కోరుట్లలో ఒక దినపత్రికకు విలేకరిని. అద్దెకు తీసుకున్న గది ఒక గల్లీ చివర ఉండేది. ఆ గల్లీకి ఒకటే దారి. ఆ చివర బజారు రోడ్డు, ఈ చివర ఆమె ఇల్లు, ఎదురుగా నా గది. వాళ్లది నేతపని కుటుంబం. మగ్గం మూలకు పడి చాలా ఏళ్లైంది. భర్త భీవండిలో సాంచాల మీద పనిచేసేవాడు. దసరాకు వచ్చి పది రోజులుండి పోయేవాడు. ఒక దసరాకు రాలేదు. తర్వాత కూడా రాలేదు. ఆమె ఆ సంగతి నాతో ఎన్నడూ మాట్లాడలేదు. నేను అడగలేదు.

ఆమె బీడీలు చేసేది. పొద్దున వాకిలి ఊడ్చి, గడపలో కూర్చుని ఒళ్లో చాట పెట్టుకుంటే మధ్యాహ్నం దాకా లేచేది కాదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం. చేతులు వాటి పని అవి చేసుకునేవి. కళ్లు మాత్రం గల్లీలోకి ఉండేవి. ఎవరు వచ్చేది, ఎవరు పోయేది తల ఎత్తకుండానే చెప్పేది. నన్ను మొదట పేపరాయిన అనేది. ఒకసారి నాకు జ్వరం వచ్చినప్పుడు మూడు రోజులు జావ తెచ్చిచ్చింది. నాలుగో రోజు నుంచి తమ్మీ అన్నది.

ఇక ఆ గల్లీ బండల సంగతి. వాటిని మున్సిపాలిటీ పరచలేదు. ఎవరింటి ముందు వాళ్లు కొన్ని షాబాదు బండలు తెచ్చి పరుచుకున్నారు. పక్కింటి వాన నీళ్లు తమ వాకిట్లోకి రావొద్దని ప్రతి ఒక్కరూ తమ బండను పక్కింటి బండ కన్నా కొంచెం ఎత్తున పెట్టించుకున్నారు. అది చూసి పక్కింటివాళ్లు తమది లేపి ఇంకొంచెం ఎత్తు చేశారు. చివరికి గల్లీలో నడవాలంటే ప్రతి ఇంటి దగ్గరా ఎక్కాలి, ప్రతి ఇంటి దగ్గరా దిగాలి. మాకు అలవాటైపోయింది. సైకిలు ఉన్నవాళ్లు దిగి ఎత్తుకుని నడిచేవాళ్లు.

ఆమె బిడ్డకు అలవాటు కాలేదు. ఆ పిల్లకు రెండేళ్లప్పుడు పోలియో వచ్చింది. కుడికాలికి ఇనుప పట్టీల బూటు, చేతిలో కర్ర. చదునుగా ఉన్నచోట నడిచేది. మెట్టు వస్తే పడేది. అందుకని రోజూ పొద్దున ఆమె బిడ్డను సంకనెత్తుకుని గల్లీ దాటించి, బజారు రోడ్డు మీద రిక్షా ఎక్కించేది. సాయంత్రం మళ్లీ ఎత్తుకొచ్చేది. ఆ పిల్లకు పదకొండో ఏడు వచ్చింది. రిక్షాలో మిగతా పిల్లలు సంకపిల్ల అని పేరు పెట్టారు. ఒక ఎండాకాలం, సెలవులు మొదలైన వారానికి, ఆ పిల్ల తల్లితో ఒకే మాట చెప్పింది. అప్పుడు నేను నా గది ముందు గడ్డం గీసుకుంటున్నాను.

"ఎత్తుకపోతే ఇంక బడికి పోను."

ఆమె తిట్టలేదు, బతిమాలలేదు. చాటలో ఉన్న బీడీలు పూర్తిచేసింది. మర్నాడు ఎవరింటి నుంచో గడ్డపార తెచ్చింది. బడి తెరిచేలోగా గల్లీని చదును చేయాలన్నది ఆమె లెక్క. చేయకపోతే బిడ్డ చదువు అక్కడితో ఆగిపోతుంది. పిల్ల అన్న మాట మీద నిలబడే రకమని ఆమెకూ నాకూ తెలుసు.

పని ఆమె ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. గడ్డపారతో బండను ఒక అంచున లేపి, కింద రాయి పెట్టి, చెయ్యి దూర్చి ఇసుక తీసేది. మళ్లీ దించి, దాని మీద పల్లెంలో నీళ్లు పోసి పెట్టేది. నీళ్లు పల్లెంలో ఎటు అంచుకు ఎక్కువ వస్తే బండ అటు వాలినట్టు. ఆ పక్కన పిడికెడు ఇసుక నెట్టేది. ఇంటికీ ఇంటికీ వరస కలవడానికి, నాలుగు పుల్లలు పాతి బీడీల దారం లాగి కట్టేది. అంత సన్నటి దారం తెగకుండా ఎట్లా లాగేదో నాకు ఇప్పటికీ తెలియదు. అంతా అయ్యాక బిడ్డను పిలిచి కాలు పెట్టి చూడమనేది. పిల్ల కదులుతుందంటే మళ్లీ గడ్డపార అందుకునేది. బండది తప్పు కాదు, కింద ఇసుకది అనేది.

అసలు కష్టం బండలతో కాదు, ఇళ్లవాళ్లతో. మా బండ కిందికి దించుతానంటే ఎవరు ఒప్పుకుంటారు. ఆమె ఎవరినీ బండ దించమని అడగలేదు. వేలు మందం తగ్గిస్తానని అడిగేది. వేలు మందమే కదా అని సరే అనేవాళ్లు. రెండు రోజులాగి పక్కింటి వాళ్లను వేలు మందం అడిగేది. తర్వాత మళ్లీ మొదటి ఇంటికి వచ్చేది. మూడో ఇంటి ముసలాయనకు ఈ సంగతి అర్థమై, నీళ్లు మా ఇంట్లకు వస్తే నువ్వు ఎత్తిపోస్తవా అని నిలదీశాడు. పోస్తా, చెంబు నువ్వే ఇయ్యి అన్నది. ఆయన నవ్వి లోపలికి పోయాడు. ఆయన బండ దిగింది.

ఆ రాత్రి నేను ఆ మాట ఎత్తితే ఆమె చెప్పింది.

"దిగుమంటే ఎవ్వలు దిగరు తమ్మీ. ఏలుమందం అడగాలె."

తర్వాత ముప్పై ఏళ్లలో చాలామంది నాయకులతో, అధికారులతో మాట్లాడాను. ఈ మాట ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

గల్లీ మధ్యలో ఒక పటేలు ఇల్లు ఉండేది. సొంతిల్లు కాదు, అద్దెది. ఆయనది బీర్పూర్ వైపు పల్లె. నక్సలైట్లు, జనం మాటలో అన్నలు, హెచ్చరిక కాగితం అంటించాక ఊరు వదిలి కుటుంబంతో కోరుట్లకు వచ్చాడు. అప్పుడు జగిత్యాల, కోరుట్లల్లో ఇట్లాంటి ఇళ్లు గల్లీకి ఒకటి ఉండేవి. ఆయనకు కాపలాగా ఇద్దరు కానిస్టేబుళ్లు తుపాకులతో వంతులవారీగా గేటు దగ్గర కూర్చునేవాళ్లు. ఆ ఇంటి ముందు బండ గల్లీ అంతటిలో ఎత్తైనది. బెత్తెడు పైన ఉండేది. ఆమె లోపలి నుంచి మొదలుపెట్టి ఆ బండ దాకా తొమ్మిది ఇళ్ల ముందు చదును చేసింది. ఆ బండ దిగితే అవతలిది పెద్ద పని కాదు. బడి తెరవడానికి వారం ఉంది.

పటేలును అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు. పటేలమ్మను అడిగింది. ఆయన హైదరాబాద్ పోయిండు, వచ్చేలోపు చేసుకో అన్నది పటేలమ్మ. ఒక మధ్యాహ్నం అన్నం తిన్నాక ఎదురింటి అక్క ఆ బండ లేపింది. గేటు దగ్గరున్న కానిస్టేబులు తుపాకి గోడకు ఆనించి ఒక అంచు పట్టాడు. కింద మట్టి గట్టిగా ఉంటే తవ్వాల్సి వచ్చింది. మూడు దాటితే బీడీల కంపెనీలో గుమాస్తా బీడీలు తీసుకోడు. అందుకని పని సగంలో ఆపి, గుంత మీద మేదరి తట్ట బోర్లించి, ఎవరూ కాలు పెట్టకుండా చుట్టూ నాలుగు పుల్లలకు దారం కట్టి, బీడీల గంప నెత్తిన పెట్టుకుని పోయింది. కాసేపటికి ఆ కానిస్టేబులు వంతు అయిపోయింది. కొత్తాయన వచ్చాడు. అతనికి ఎవరూ ఏమీ చెప్పలేదు.

ఈ కాలం వాళ్లకు ఒక మాట చెప్పాలి. ఆ రోజుల్లో తాజాగా తవ్విన మట్టి కనిపిస్తే జనం పక్కకు తిరిగి నడిచేవాళ్లు. మల్లాపూర్ దారిలో గుంత పూడ్చిన జాగా కనిపిస్తే జీపు డ్రైవర్లు ఆపి, దిగి చూసేవాళ్లు. మందుపాతర అన్న మాట చిన్నపిల్లలకూ తెలుసు. పటేలు ఇంటి గేటు ముందు తవ్విన మట్టి, దాని మీద బోర్లించిన తట్ట, చుట్టూ దారం. కొత్త కానిస్టేబులు మందుపాతర అనుకున్నందుకు నేను తప్పుపట్టను.

గల్లీ నాలుగు నిమిషాల్లో ఖాళీ అయింది. నేను బజారు రోడ్డు మీద హోటల్లో చాయ్ తాగుతున్నాను. జనం ఉరికి వస్తుంటే ఎదురుపోయాను. కానిస్టేబులును ఏముందని అడిగితే గుంత, వైరు, పైన తట్ట అన్నాడు. వైరేనా అని అడిగాను. వైరే అన్నాడు. అతను దగ్గరికి పోయి చూడలేదు. నేనూ పోలేదు. పక్కనే ఫోన్ బూతు. జిల్లా పేజీ కట్టే సమయం. ఆరు వాక్యాలు చెప్పాను. రెండో వాక్యంలో వైరు ఉంది.

బయటికి వచ్చేసరికి ఎస్సై వచ్చి తాడు కట్టించి జనాన్ని ఆపుతున్నాడు. జగిత్యాల నుంచి బాంబులు తీసే మనుషులు వచ్చేదాకా ఎవరూ కదలొద్దన్నాడు. లోపల ఎవరన్నా ఉన్నారా అని అడిగాడు. అందరూ వచ్చేశారన్నారు. అప్పుడు గల్లీ ఆ చివర ఎదురింటి అక్క తలుపు తెరుచుకుంది. ఆ పిల్ల సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. నాకూ రాలేదు. రోజూ ఎదురుగా చూసేవాణ్ణి.

పిల్ల కర్రతో బయటికి వచ్చింది. ఎస్సై ఆగుమని అరిచాడు. పిల్ల ఆగలేదు. ఆ దూరానికి వినపడలేదా, వినపడీ నడిచిందా అన్నది నేను తర్వాత అడగలేదు. కర్ర, బూటు, మంచికాలు. కర్ర, బూటు, మంచికాలు. ఒక్కో ఇల్లు దాటుతుంటే నేను లెక్కపెట్టాను. అంతకుముందు ఆ గల్లీలో ఆ పిల్ల సొంతంగా రెండిళ్లు కూడా దాటలేదు. తొమ్మిది దాటి దారం దగ్గర నిలబడింది.

"ఇది మా అవ్వ తవ్వింది సారూ, నేను నడువాల్నని" అన్నది.

కర్ర కొనతో తట్టను తిప్పింది. కింద జానెడు గుంత, కుప్పగా ఇసుక, పల్లెంలో నీళ్లు. ఎస్సై వచ్చి లాఠీతో దారం తెంపాడు. చేతిలోకి తీసుకుని చూశాడు. బీడీల దారం.

నేను మళ్లీ బూతులోకి పోయి ఫోన్ చేశాను. పేజీ పోయిందన్నారు.

ఎదురింటి అక్క ఖాళీ గంపతో వచ్చేసరికి జీపు సిద్ధంగా ఉంది. స్టేషనులో ఎవరు తవ్వమన్నారు, ఏ దళం వాళ్లు చెప్పారు అని అడిగారట. నా బిడ్డ కోసం నేనే తవ్విన అని ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు చెప్పిందట. భర్త ఎక్కడున్నాడంటే భీవండి అన్నది. వాళ్లు దాన్ని నమ్మలేదు. ఆ రోజుల్లో స్టేషనుకు పోయిన మనిషి ఎప్పుడు తిరిగొస్తాడో ఎవరూ చెప్పలేకపోయేవాళ్లు. పటేలమ్మ మొదట నోరు విప్పలేదు. భర్తకు ఏం చెప్పాలో తోచలేదేమో. చివరికి పొద్దుగూకినంక, తానే తవ్వుకోమన్నానని కబురు పంపింది. ఎదురింటి అక్క నడుచుకుంటూ ఇంటికి వచ్చింది.

మర్నాడు పొద్దున పేపరు వచ్చింది. ఆమెకు చదువు రాదు. చాట ఒళ్లో పెట్టుకుని నన్ను పిలిచి, చదవమన్నది. చదివాను. ఆరు వాక్యాలూ ఉన్నాయి. వైరు ఉంది. పెను ముప్పు తప్పిందని డెస్కులో ఎవరో ఏడో వాక్యం కలిపారు.

"మొత్తం సదివినవా?"

"సదివిన."

"నా బిడ్డ నడిచింది ఏది?"

లేదన్నాను.

"నువ్వు సూసినవు గద."

"సూసిన."

"నేను సూడలే. ఎట్ల నడిచిందో జెప్పు."

చెప్పాను. తలుపు దగ్గర నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇంటి బండా చెప్పాను. ఎక్కడ కర్ర ముందు పెట్టింది, ఎక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. ఆమె తల ఎత్తలేదు. చేతులు బీడీలు చుడుతూనే ఉన్నాయి. అంతా విన్నాక ఒకటే అడిగింది. మూడో ఇంటి కాడ బూటు ఒరిగిందా, అక్కడ ఇసుక తక్కువ పోసిన అన్నది. ఒరగలేదన్నాను. నిజంగానే ఒరగలేదు.

మూడు రోజుల తర్వాత పేపర్లో అక్కడ పేలుడు వస్తువులేవీ దొరకలేదని రెండు లైన్లు వచ్చాయి. నేను పంపినదాంట్లో ఆ పిల్ల ఉంది. అచ్చైనదాంట్లో లేదు.

పటేలు తిరిగొచ్చి ఆ బండను పాత ఎత్తులోనే పెట్టించి సిమెంటు పోయించాడు. గల్లీలో ఎవరూ మట్టి తవ్వొద్దని ఎస్సై చెప్పి పోయాడు. బడి తెరిచారు. ఆ పిల్ల ఇంట్లోనే ఉంది. వారం పోయాక ఎదురింటి అక్క మళ్లీ ఇంటింటికీ తిరిగింది. ఈసారి దించుతానని అడగలేదు. తవ్వేది లేదు, కొంచెం ఇసుక పోసి మీ బండ ఎత్తు చేస్తానన్నది. అందరూ సంతోషంగా ఒప్పుకున్నారు. మూడో ఇంటి ముసలాయన ఇప్పుడు తెలివొచ్చింది నీకు అన్నాడు. వాగు నుంచి సంచులతో ఇసుక మోసింది. సిమెంటు బండకు ఆనుకుని ఉన్న ఇంటిది ఎక్కువ, తర్వాతి ఇంటిది కొంచెం తక్కువ, ఆ తర్వాతిది ఇంకా తక్కువ. అట్లా తన వాకిలి దాకా వాలు పెట్టుకుంటూ వచ్చింది. అవతల బజారు రోడ్డు వైపూ అట్లాగే. జూలై సగంలో ఆ పిల్ల గల్లీ మొత్తం నడిచి రిక్షా ఎక్కింది. ఈసారి తల్లి చూసింది. నేను ఊళ్లో లేను, బీర్పూర్ వైపు ఒక వార్తకు పోయాను.

ఆమె ఏం చేసిందో నాకు మొదటి పెద్ద వాన దాకా అర్థం కాలేదు. సగం గల్లీ నీళ్లు ఒకటే దిక్కు వచ్చాయి. నా గది అరుగు ఎత్తు, నన్ను ముట్టుకోలేదు. ఆమె గడప తక్కువ. ఇల్లంతా తడిసింది. ఆకు తడిస్తే బీడీలకు పనికిరాదు. ఇట్లా అవుతుందని నీకు తెలుసా అని అడిగాను. నీళ్లు ఎటో ఒక దిక్కు పోవాలె గద తమ్మీ అన్నది. గడప మీద మట్టి కట్ట పోసుకుంది. వాన వచ్చినప్పుడల్లా అది కరిగేది, వెలిసినంక మళ్లీ పోసేది. నేను ఆ గదిలో ఉన్న ఆరేళ్లూ ఇదే.

పటేలు కుటుంబం తర్వాత హైదరాబాద్ పోయింది. గల్లీలో సిమెంటు రోడ్డు పడింది. అప్పటికి ఆ పిల్ల జగిత్యాలలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఇప్పుడు సిరిసిల్లలో జిరాక్స్ దుకాణం నడుపుతుంది. బండలు ఎవరు ఎత్తుకుపోయారో తెలియదు.

ఆమె ఫొటో నా దగ్గర ఒకటీ లేదు. కళ్లు మూసుకుంటే ఒక వానపొద్దు కనిపిస్తుంది. ఎదురింటి అక్క గడప మీద కాళ్లు పైకి ముడుచుకుని కూర్చుంది. ఒళ్లో చాట, తంబాకు మీద కొంగు కప్పింది. నీళ్లు మట్టి కట్ట దాటి ఇంట్లోకి పోతున్నాయి. ఆమె అటు చూడడం లేదు. మెడ బయటికి చాచి గల్లీ పొడుగునా చూస్తోంది. ఆ పిల్ల నెత్తిన యూరియా సంచి కప్పుకుని, పొడిగా ఉన్న బూటుతో పటేలు ఇల్లు దాటి, బజారు రోడ్డు మలుపు తిరుగుతోంది.